ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఫాల్ట్ చూపిస్తోందా? కాలిపర్లు మార్చే ముందు కరెంటు కొలిపించండి

మీరు అడిగింది ఇదీ. ఉండేది పలాస పక్కన కాశీబుగ్గలో. అయిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ, మాన్యువల్ గేరు, బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్. కొంతకాలంగా పొద్దున్న స్టార్ట్ చేయగానే పార్కింగ్ బ్రేక్ ఫాల్ట్ అని పసుపు దీపం వెలుగుతోంది, ఎండెక్కాక ఒక్కోసారి దానంతటదే పోతోంది. బటన్ లాగితే వెనక కుడి చక్రం దగ్గర గుర్రుమని చప్పుడు వస్తోంది, ఎడమవైపు రావట్లేదు. చూపించిన చోట వెనక కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగాలు) రెండూ మార్చాలన్నారు. నిజంగా మార్చాలా, ఈలోగా బండి నడపొచ్చా అని మీ ప్రశ్న.

కాలిపర్లు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. ఒకవైపే చప్పుడు రాకపోవడం, అది తేమలో ఎక్కువై ఎండకి తగ్గడం చూస్తే నా మొదటి అనుమానం ఎడమ చక్రం దగ్గరి వైరు మీద, కనెక్టర్ మీద. తరవాత మోటారు మీద. కాలిపర్‌ది ఆఖరి వంతు. ఒకవేళ మోటారే పోయినా, చాలా మోడళ్లలో అది కాలిపర్‌కి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది, విడిగా దొరుకుతుంది. కుడివైపు చక్కగా పనిచేస్తున్న దాన్ని కూడా మార్చమనడానికి మీరు రాసినదాంట్లో నాకు ఒక్క కారణమూ కనబడలేదు.

నడపడం సంగతి. కాలితో తొక్కే బ్రేకు ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తుంది, దాని దారి వేరు. పసుపు దీపం ఒక్కటే ఉండి, పెడల్ ఎప్పటిలా గట్టిగా ఉంటే జాగ్రత్తగా నడపొచ్చు. హ్యాండ్‌బ్రేకు విప్పాక కూడా ఎర్ర బ్రేకు దీపం వెలుగుతున్నా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా, వెనక చక్రం దగ్గర కాలిన వాసన వస్తున్నా బండి తియ్యకండి. రిపేరు అయ్యేదాకా ఆపిన ప్రతిసారీ ఫస్టు గేరులో పెట్టి, చక్రానికి అడ్డంగా రాయో చెక్కో పెట్టండి. వాలులో ఆపనే వద్దు. ఆటో హోల్డ్ (ఆగిన బండిని పెడల్ మీద కాలు తీసినా కదలకుండా పట్టి ఉంచేది) ఉంటే దాన్నీ నమ్మకండి. మడపాం టోల్‌గేటు లైన్లో ఆగినప్పుడు బండిని ముందు ఆయిల్ ఒత్తిడితోనే పట్టి ఉంచుతుంది గానీ, ఎక్కువసేపు ఆగితే చాలా కార్లలో ఆ పని హ్యాండ్‌బ్రేక్ మోటార్లకే అప్పజెబుతుంది. అందుకే హ్యాండ్‌బ్రేకులో ఫాల్ట్ ఉంటే ఆటో హోల్డ్ కూడా ఆగిపోతుంది. అది వేరే జబ్బు కాదు.

శ్రీకాకుళంలో హైవే పక్కన మాది షెడ్డు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా బళ్లు వస్తాయి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న కార్లు మన జిల్లాలో ఎక్కువయ్యాక ఇలాంటి కేసులు తరచుగా చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం మోటారు చెడిపోయినవి కావు, మోటారుకి కరెంటు సరిగా అందనివి. రెండింటికీ డాష్‌బోర్డు మీద వెలిగే దీపం ఒకటే కాబట్టి తేడా కొలిస్తేనే తెలుస్తుంది.

ముందు అది ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెప్తాను, లేకపోతే కింద రాసేవి అర్థం కావు. మీ బండిలో వెనక ప్రతి కాలిపర్ వీపున ఒక చిన్న 12 వోల్టుల మోటారు ఉంటుంది. దాని లోపల పళ్లచక్రాలు వేగాన్ని బాగా తగ్గించి, బలాన్ని పెంచి, పిస్టన్ లోపలున్న మరని (స్క్రూ లాంటి కడ్డీని) తిప్పుతాయి. మర ముందుకి వచ్చి పిస్టన్‌ని నెడుతుంది, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. మర దానంతటది వెనక్కి తిరగదు కాబట్టి తరవాత కరెంటు లేకపోయినా పట్టు వదలదు. విప్పాలంటే ప్లస్సు మైనస్సు తారుమారు చేసి మోటారుని వెనక్కి తిప్పుతుంది మాడ్యూల్, అంటే ఈ బ్రేకుని నడిపించే చిన్న కంప్యూటర్. (కొన్ని పాత మోడళ్లలో కింద ఒకే మోటారు ఉండి, రెండువైపులా కేబుళ్లు లాగుతుంది. మీకు చక్రం దగ్గర చప్పుడు వస్తోందన్నారు కాబట్టి మీది ఆ రకం కాదు.)

అసలు కీలకం ఇక్కడుంది. చాలా కార్లలో ఎంత బిగిసిందో చెప్పే సెన్సార్ ఏదీ కాలిపర్‌లో ఉండదు. మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసి మాడ్యూల్ అంచనా వేసుకుంటుంది. ఖాళీగా తిరిగేటప్పుడు కొద్ది ఆంపియర్లే. ప్యాడ్ డిస్కుకి తగిలి బిగిసేకొద్దీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఒక హద్దుకి రాగానే చాలనుకుని ఆపేస్తుంది. వైరులో ఎక్కడో చిలుం పట్టి అడ్డు తగిలితే ఆ కరెంటు రాదు. మోటారు మంచిదే, వైరు చివర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి, అయినా మాడ్యూల్ ఫాల్ట్ అని రాసేస్తుంది. పొలంలో మోటారుకి లో వోల్టేజీ వస్తే మూలుగుతుంది గానీ నీళ్లు ఎత్తదు చూడండి, అచ్చం అదే.

మొదట బ్యాటరీ. మీ కేసులో బ్యాటరీ మీద నాకు పెద్ద అనుమానం లేదు, ఎందుకంటే నీరసపడితే రెండువైపులా తేడా చెయ్యాలి. అయినా రెండు నిమిషాల పని, వదలకండి. రాత్రంతా ఆగిన బండి మీద, స్టార్ట్ చేయకముందు మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కి వచ్చిందంటే సుమారు సగం ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య కనబడాలి. మీటరు అలాగే ఉంచి ఒకరిని హ్యాండ్‌బ్రేకు బటన్ లాగమనండి. కాసేపు కొద్దిగా దిగి మళ్లీ లేవాలి, కుప్పకూలిపోకూడదు. పోల్స్ మీద తెల్లగా పూత పట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి మళ్లీ కొలవండి.

విజయనగరం నుంచి ఒక మేస్టారు ఇదే ఫాల్ట్‌తో వచ్చారు. బ్యాటరీ మార్పించుకున్న మర్నాటినుంచే దీపం. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే బండి అది. అలాంటివాటికి వేరే రకం బ్యాటరీ వెయ్యాలి. ఎవరో మామూలుది, అందులోనూ చిన్నది వేశారు. సరైనది వేసి, స్కానర్‌తో కోడ్ (మాడ్యూల్ రాసిపెట్టుకున్న ఫాల్ట్ గుర్తు) చెరిపి, బ్రేకు తొక్కి బటన్‌ని కొన్నిసార్లు బిగించి విప్పితే మాడ్యూల్ తన లెక్కలు మళ్లీ నేర్చుకుంది. ఏ పార్టూ మార్చలేదు. మీరు ఈమధ్య బ్యాటరీ తీసి పెట్టారేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండోది స్కానర్. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ ముక్క, ఫోన్‌లో ఉచిత యాప్ మామూలుగా ఇంజన్ కోడ్లే చూపిస్తాయి. అందులో ఏ కోడూ లేదంటే బండిలో లోపం లేదని కాదు. బ్రేకు మాడ్యూల్ లోపలికి వెళ్లి చదివే స్కానర్ కావాలి, ఆ కోడ్లు సీ అక్షరంతో మొదలవుతాయి. మాడ్యూళ్ల మధ్య మాట తెగితే యూ అక్షరంతో వస్తాయి. కోడ్ కాగితం మీద ఇమ్మని అడగండి, నోటిమాట తీసుకోకండి. ఎడమ మోటారు సర్క్యూట్ ఓపెన్ అని ఉంటే అర్థం మోటారు పోయిందని కాదు. మాడ్యూల్ నుంచి మోటారు దాకా, మోటారుతో సహా, ఆ దారిలో ఎక్కడో తెగిందని. కోడ్ వీధి పేరు చెప్తుంది గానీ ఇంటి నంబరు చెప్పదు, మిగతాది మీటరుతోనే తేల్చాలి.

ఇంకో సంగతి. కొన్ని కార్లలో ఒకవైపు ఫాల్ట్ నమోదైతే మాడ్యూల్ రెండోవైపు కూడా ఆపేస్తుంది. అందుకే కోడ్లు చెరిపేసి, ఆ వెంటనే మొదటిసారి బటన్ లాగినప్పుడు ఏవైపు చప్పుడు వచ్చిందో వినాలి. ఒక మనిషి లోపల, ఒక మనిషి చక్రం పక్కన ఉండాలి. లోపల కూర్చుని విన్నది లెక్కలోకి రాదు, ఎడమ కుడి తేడా తెలియదు.

మూడోది, మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వైరు, కనెక్టర్. పలాస, వజ్రపుకొత్తూరు, భావనపాడు, బారువ వైపు నుంచి వచ్చే బళ్ల అడుగుభాగం, సముద్రానికి దూరంగా ఉన్న బొబ్బిలి నుంచి వచ్చే బళ్ల అడుగుభాగం పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వయసువని ఎవరూ నమ్మరు. ఉప్పుగాలి అలాంటిది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పోయాక కూడా ఇదే చూశాను. నీళ్లలో నానిన బళ్లు అప్పటికి ఆరాక బాగానే తిరిగాయి, నెలల తరవాత ఒక్కో కనెక్టరే చిలుం పట్టి మొరాయించడం మొదలుపెట్టింది.

చక్రం తీసి చూస్తే మోటారుకి వెళ్లే రెండు వైర్లు కనబడతాయి. ముందు కనెక్టర్ ఊడదీసి లోపల పిన్నులు టార్చి వేసి చూడండి. పచ్చగా పొడి ఉన్నా, ఒక పిన్ను నల్లబడి ఉన్నా, లోపలి రబ్బరు సీలు చినిగి ఉన్నా దొంగ దాదాపు దొరికినట్టే. కనెక్టర్ శుభ్రంగా ఉంటే తరవాత చూడాల్సింది చక్రం దగ్గరనుంచి బాడీ లోపలికి వైరు వంగే చోటు. గతుకులో చక్రం లేచి దిగిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. పైన తొడుగు చెక్కు చెదరదు, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. రెండు వేళ్లతో పట్టి సాగదీస్తే ఒకచోట రబ్బరులా మెత్తగా సాగుతుంది, అక్కడ రాగి లేదన్నమాట.

టెక్కలి నుంచి ఒక రైతు తన బండి తెచ్చాడు. "బాగానే ఉంటాది బాబూ, వానొస్తే సాలు పనిసెయ్యదు" అన్నాడు. ఆయనకీ మోటారు మార్చాలనే చెప్పి ఉన్నారు. కనెక్టర్ ఊడదీసి, బటన్ లాగించి మీటరు పెడితే 12 వోల్టులు కనబడుతోంది, పెట్టేస్తే మోటారు మాత్రం తిరగట్లేదు. ఇక్కడే చాలామంది మోటారుకి తీర్పు చెప్పేస్తారు. ఒక్క రాగి పోగు మిగిలినా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది, బరువు పడినప్పుడే ఆ వైరు సంగతి బయటపడుతుంది. అందుకని కనెక్టర్ పెట్టి ఉంచే, వెనకనుంచి సన్న పిన్ను దూర్చి, మోటారు తిరగాల్సిన క్షణంలో వోల్టేజీ చూడాలి. ఆ బండిలో అలా కొలిస్తే బటన్ లాగినప్పుడు పన్నెండు రావాల్సిన చోట నాలుగే వచ్చింది. మిగతాదంతా మార్గమధ్యంలో వైరే తినేస్తోంది. బయటి తొడుగు కోసి చూస్తే వంపు దగ్గర రాగి పచ్చటి పొడి అయిపోయి ఉంది.

కనెక్టర్ పెట్టి ఉంచే కొలవమనడానికి ఇంకో కారణముంది. అవతల మోటారు కనబడకపోతే కొన్ని మాడ్యూళ్లు కరెంటే పంపవు. ఊడదీసి కొలిచి సున్నా వచ్చిందని మాడ్యూల్ మీద పడటం తప్పు. మీటరులో బిగించేటప్పుడు ప్లస్సు వస్తే విప్పేటప్పుడు మైనస్సు వస్తుంది, కంగారు పడకండి. కరెంటు ఇచ్చేది రెండు మూడు సెకన్లే కాబట్టి కళ్లు మీటరు మీదే ఉండాలి.

ఇంకా గట్టిగా తేల్చాలంటే నేను చేసేది ఇది. వైరుని మాడ్యూల్ వైపూ మోటారు వైపూ రెండు చోట్లా విప్పేసి, ఫ్యూజ్ పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి ఒక చివర కరెంటు ఇచ్చి, రెండో చివర పాత హెడ్‌లైట్ బల్బు పెడతాను. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. బల్బు తెల్లగా వెలిగితే వైరు మంచిది. ఎర్రగా నీరసంగా వెలిగిందంటే వైరు పోయింది. వెలుగుతుండగా వైరుని వంచి, ఊపి చూడాలి. ఇది మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. మాడ్యూల్ నుంచి వైరు ఊడదీయకుండా దాని మీదికి బ్యాటరీ కరెంటు ఇచ్చారంటే అది కాలిపోతుంది, అది మోటారు కంటే ఖరీదైన పార్టు.

వైరు రిపేరు ఎలా చేస్తున్నారో దగ్గరుండి చూడండి. మెలిపెట్టి నల్ల టేపు చుడితే వచ్చే వర్షాకాలానికి మళ్లీ ఇదే కథ. చెడిన ముక్క మొత్తం తీసేసి, అదే మందం ఉన్న, సన్న పోగులు ఎక్కువున్న కొత్త వైరు వెయ్యాలి. జాయింటు వంగే చోట రాకూడదు, పైకి బాడీ లోపలికి జరపాలి. సోల్డర్ పెట్టిన చోట వైరు బిరుసెక్కి, వంగితే తెగుతుంది. లోపల జిగురుండే ష్రింక్ గొట్టం వేడి చేసి బిగిస్తే నీరు దూరదు.

వైరు మంచిదని తేలి, మోటారు దగ్గర పూర్తి వోల్టేజీ వస్తూ, అయినా చప్పుడు లేకపోతే అప్పుడు మోటారు. బ్రష్షులు అరిగిపోవడం, లోపలికి నీళ్లు దిగడం, పళ్లచక్రం విరగడం, ఇవీ దాని జబ్బులు. పళ్లు విరిగితే చప్పుడు ఉంటుంది గానీ బ్రేకు పట్టదు. మీకు చప్పుడే లేదు. మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూస్తామంటారు కొందరు. కాలిపర్ నుంచి విప్పి చేతిలో పట్టుకుని క్షణం సేపు చూస్తే ఫర్వాలేదు. బిగించి ఉండగా ఇస్తే ఎక్కడ ఆగాలో చెప్పే మాడ్యూల్ మధ్యలో ఉండదు కాబట్టి మర చివరిదాకా వెళ్లి బిగుసుకుపోతుంది, లేదా పళ్లు రాలతాయి. కొత్త మోటారు వేసేటప్పుడు దాని కింద రబ్బరు రింగు కూడా కొత్తదే వెయ్యాలి. అది పాతదైతే నీళ్లు మళ్లీ అక్కణ్ణుంచే దూరతాయి.

కాలిపర్ ఎప్పుడు మార్చాలి? పిస్టన్ తుప్పుపట్టి కదలనప్పుడు, లోపలి మర పాడైనప్పుడు, ఆయిల్ కారుతున్నప్పుడు. స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగేది వీటి మీదే) బిగుసుకుపోవడం మాత్రం కాలిపర్ మార్చే కారణం కాదు. పిన్నులు తీసి, తుప్పు తుడిచి, బ్రేకులకి వాడే గ్రీజు రాసి, చినిగిన రబ్బరు తొడుగులు మారిస్తే చాలు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. ఎడమ ప్యాడు ఒకటి బాగా అరిగి పక్కది నిండుగా ఉందంటే ఆ పిన్నే పట్టేసిందని అనుమానించండి.

ప్యాడ్ల గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మంచి మోటార్లు పాడయ్యేది ఎక్కువగా ఈ పనిలోనే. పాత కార్లలో పిస్టన్‌ని క్లాంపు పెట్టి వెనక్కి నెట్టి కొత్త ప్యాడ్లు వేసేవాళ్లం. ఈ కార్లలో ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి, మోటారు మరని వెనక్కి లాక్కున్నాకే పిస్టన్‌ని నెట్టాలి. కొన్ని మోడళ్లకి స్కానర్ లేకుండా బటన్, పెడల్ కలిపి నొక్కే పద్ధతి కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. సర్వీస్ మోడ్ లేకుండా క్లాంపు బిగిస్తే మర, పళ్లు దెబ్బతింటాయి. సాలూరు ఘాట్ మీద రోజూ తిరిగే ఒక బండికి దారిలో ఎవరో అలాగే ప్యాడ్లు వేశారు, వారం తిరక్కుండా రెండువైపులా పళ్లు పోయాయి. మీ బండికి ఈమధ్య వెనక ప్యాడ్లు మార్పించి ఉంటే, ఎక్కడ, ఎలా మార్చారన్నది నాకు చాలా అవసరమైన సమాచారం.

బటన్ కూడా పోవచ్చు. దాని లోపల ఒకటికి మించి కాంటాక్టులుంటాయి, అన్నీ ఒకే మాట చెప్పకపోతే మాడ్యూల్ నమ్మదు. కానీ బటన్ పోతే ఒకవైపు మాత్రమే పనిచెయ్యడం జరగదు, మీది అది కాదు. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ పోతే హ్యాండ్‌బ్రేకు పడుతుంది గానీ విడవదు, వెనక లైట్లలో కూడా తేడా ఉంటుంది. అదీ మీది కాదు.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం ఇంకొకటి. వానలో తడిసి కొన్నాళ్లు కదలకుండా ఉన్న బండికి చక్రం పట్టేస్తే అన్నిసార్లూ మోటారు తప్పు కాదు, ప్యాడు తుప్పుతో డిస్కుకి అంటుకుని ఉండొచ్చు. బటన్‌తో బ్రేకు విప్పినప్పుడు మోటారు చప్పుడు రెండువైపులా వస్తే, ముందుకీ వెనక్కీ మెల్లగా కదిపితే టక్కుమని వదులుతుంది. చప్పుడే రాకపోతే బలవంతంగా లాగించొద్దు. ముందు ఇంకో బ్యాటరీతో జంప్ ఇచ్చి చూడండి, చాలాసార్లు అంతటితో విడుస్తుంది. అప్పటికీ విడవకపోతే మెకానిక్ చక్రాలకి అడ్డు పెట్టి, మోటారు రెండు స్క్రూలూ తీసి, మర కొనని చేత్తో వెనక్కి తిప్పి విడిపిస్తాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరవద్దు. ఆ క్షణంలో బండికి హ్యాండ్‌బ్రేకు లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక మీరు చెయ్యాల్సింది. పలాసలోనే మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోండి, మెకానిక్ కంటే ముందు ఆయన. పొద్దున్నే, దీపం వెలుగుతుండగానే తీసుకెళ్లండి. ఎండెక్కి ఫాల్ట్ పోయాక వెళ్తే ఏమీ దొరకదు. రాత్రి మంచు లేకపోతే ఎడమ కనెక్టర్ మీద కొద్దిగా నీళ్లు చిలకరించి చూడమనండి, ఫాల్ట్ వచ్చిందంటే వెతుకులాట అక్కడితో ఆగుతుంది. మోటారు తిరగాల్సిన క్షణంలో ఎడమ కనెక్టర్ దగ్గర వోల్టేజీ, అదే క్షణంలో కుడి కనెక్టర్ దగ్గర వోల్టేజీ, రెండూ రాసుకోండి. కుడివైపు బాగుంది కాబట్టి మీ బండికి సరైన అంకె ఎంతో అదే చెప్తుంది. ఎడమవైపు అంకె కుడిదానికంటే తక్కువై, ఆ తేడా అరవోల్టుకి బాగా మించితే వైరు. రెండూ సమానంగా వచ్చి ఎడమ తిరగకపోతే మోటారు, అదీ ఎడమది ఒక్కటే.

రిపేరు అయ్యాక కోడ్లు చెరిపించి, హ్యాండ్‌బ్రేకు కొన్నిసార్లు బిగించి విప్పి, కొద్దిపాటి వాలులో న్యూట్రల్‌లో నిలబెట్టి చూడండి. కాలు బ్రేకు పెడల్ మీద సిద్ధంగా ఉండాలి, ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. తరవాత పది కిలోమీటర్లు నడిపి వెనక రెండు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి పోల్చండి, ముట్టుకోవద్దు. ఎడమ చక్రం కుడిదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పూర్తిగా విడవట్లేదు, అదే రోజు వెనక్కి తీసుకెళ్లండి. ఆ రెండు వోల్టేజీ అంకెలూ, స్కానర్ ఇచ్చిన కోడూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.